ఒంటరి పెట్టెలో రెండు సీసాలు

“పెద్దమ్మా, ఒంటరి ఎలుకలతో మాట్లాడకూడదు,” అంది రీసెర్చ్ చేసే అమ్మాయి.

పెట్టెలో పాత రంపపు పొట్టు ఎత్తేసి కొత్తది పోస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది. మాట్లాడుతున్నానని నాకే తెలియలేదు. “తిన్నావా, తల్లీ” అని ఉంటాను. ఇంట్లో ఆ మాట నన్ను అడిగేవాళ్లు లేరు, నేను అడిగితే పలికేవాళ్లూ లేరు. నోట్లో మిగిలిపోయిన మాట ఎక్కడో ఒకచోట పడాలి కదా.

ఈ ప్రయోగశాలలో ఎలుకల గది శుభ్రం చేయడం నా పని. మా ఆయన పోయాక చేరాను. అక్షరాలు కూడా ఆ తర్వాతే, పనివాళ్లకు పెట్టిన సాయంత్రం తరగతిలో నేర్చుకున్నాను. ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి మాట పెట్టె మీద అంటించిన చీటీలోది: ఒంటరి. ఎదుటి వరుస మీద ‘గుంపు’ అని ఉంటుంది. అవి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి. ఒంటరివి పాలు మానిన నాటి నుంచీ విడివిడిగా పెరుగుతాయి. ప్రతి పెట్టెకూ రెండు సీసాలు. ఒకదానిలో మంచినీళ్లు, ఇంకోదానిలో సారా కలిపిన నీళ్లు. అలవాటుకొద్దీ ఒకే వైపుకు పోకుండా రోజూ వాటి చోట్లు మార్చాలి. ఎటు మార్చినా ఒంటరివి వెతుక్కుని మరీ సారా దగ్గరికే పోతున్నాయి.

“ఎందుకమ్మా అలా?” అని అడిగాను.

“మెదడులో సెరటోనిన్ అని ఒకటుంటుంది పెద్దమ్మా. మనసును కుదురుగా ఉంచేవాటిలో అదొకటి. ఒంటరిగా పెరిగినవాటిలో దాని పని దెబ్బతింటోందని, అందుకే ఎక్కువ తాగుతున్నాయని మా అనుమానం. అది పెరిగే మందు ఇస్తే తాగడం తగ్గుతోంది. మీరు కబుర్లు చెప్తే ఇక అవి ఒంటరివి ఎలా అవుతాయి? లెక్క తప్పుతుంది.”

“అయితే తప్పు ఎలుకది కాదన్నమాట.”

ఆ అమ్మాయి నవ్వింది. “ఎలుకదేం తప్పు పెద్దమ్మా? పెట్టెలో పెట్టింది మనం కదా.”

మా ఆయన తాగినన్నాళ్లూ తప్పు నాది. “ఇంట్లో ఆడది సరిగ్గా ఉంటే మగాడు సీసా ఎందుకు పడతాడు?” అనేది మా అత్త. “దీని మొహం చూస్తే చాలు, దాహమేస్తుంది,” అనేవాడు ఆయన, పక్కన స్నేహితులు పగలబడి నవ్వుతుంటే. ఆయన ఏనాడూ ఒక్కడే కూర్చుని తాగలేదు. గ్లాసులు అందించి, కక్కింది కడిగి, తలుపు చాటున ఒక్కదాన్నే నిలబడింది నేను. ఆయన పోయాక మావాడు పెరటి గది ఇచ్చాడు, “నీకు ప్రశాంతంగా ఉంటుందమ్మా” అని. పొద్దున్నే అందరికీ వంట చేసి పనికి వస్తాను, వెళ్లాక అంట్లు తోముతాను, తినడం మాత్రం ఆ గదిలో. ఆ ప్రశాంతతలోనే సీసా పట్టాను. మొన్న కోడలికి వాసన తగిలింది. “ఈ వయసులో ఇదేంటత్తయ్యా? పిల్ల ఇక మీ దగ్గరికి రాదు,” అంది. “నాన్నతో పడింది చాలదా, ఇప్పుడు నువ్వా?” అన్నాడు మావాడు గోడకేసి చూస్తూ. మనవరాలు రావడం ఆగిపోయింది. గుమ్మం దగ్గర కంచం, పక్కనే నీళ్ల సీసా పెట్టి వెళ్తోంది కోడలు. రెండో సీసా లోపల, చీరల కింద ఉంటుంది.

ఆ మధ్యాహ్నం పాలు మానిన పిల్ల ఎలుకలు వచ్చాయి. “దేనికది వేరు చేసేయండి పెద్దమ్మా,” అంది ఆ అమ్మాయి. చేశాను. జీతం ఇచ్చేది అందుకే. చివరిది నా చేతి తొడుగు పట్టుకుని వదల్లేదు. గోళ్లు విడదీసి లోపల పెట్టి, రెండు సీసాలు తగిలించి, చీటీ అంటించాను. నోరు మెదపలేదు.

ఇంటికి వెళ్లేసరికి నా గది గుమ్మం దగ్గర కంచం మూతపెట్టి ఉంది. అది ఎత్తుకుని పెరడు దాటి, వాళ్లు తింటున్న బల్ల దగ్గరికి వెళ్లాను.

“మీ కంచం అక్కడే పెట్టాను కదా అత్తయ్యా.”

“చూశానమ్మా. కాస్త జరుగు.”

“ముందు అది మానెయ్యి. తర్వాత కూర్చుందువు గాని,” అన్నాడు మావాడు.

“మానాక కాదురా. ముందు ఇక్కడ కూర్చోవాలి.”

ఎవరూ జరగలేదు. కంచం బల్ల మూల మీద పెట్టి, నిలబడే మొదటి ముద్ద కలుపుకున్నాను. మనవరాలు వాళ్లమ్మ మొహం చూసి తల దించుకుంది.

“తిన్నావా, తల్లీ?” అని అడిగాను, అందరికీ వినబడేలా.