వాసన లేని రాళ్ళు

జల్లెడ మీదకి నీళ్ళు వదిలి రెండు చేతులతో గుండ్రంగా తిప్పుతున్నాడు జల్లెడాయన. నల్లటి బురద కారిపోయి, అడుగున పెసరగింజంత రాతిపలుకులు మిగిలాయి. వాటిని రేకు పళ్ళెంలో పరిచి వేడిపలక మీద పెట్టాడు. ఆరాక గుడ్డసంచిలో పోసి, చీటీ మీద ‘3100 మీటర్లు’ అని పెన్సిలుతో రాసి, దారంతో మూతి బిగించాడు.

గ్యాసు కోసం భూమిని తొలుస్తున్న ఆ ఇనుప గోపురం కింద ఏడు నెలలుగా అతని పని ఇదే. ప్రతి పది మీటర్లకూ పైకొచ్చే బురదలోంచి ఓ దోసెడు పట్టి, కడిగి, ఆరబెట్టి, మూటగట్టి ఇవ్వాలి. వాటిని మైక్రోస్కోపులో చూసి కింద గ్యాసు ఉందో లేదో తేల్చే పని రాళ్ళ మేడంది. ఆవిడ అతని కూతురు వయసుది, అంటే అతనికి పెళ్ళయి కూతురంటూ ఉంటే. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుతోనే యాభై ఎనిమిదేళ్ళు వచ్చేశాయి. నీళ్ళలో నానీ నానీ అతని వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా ముడుచుకుపోయి ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద పాత గాజు గాటు ఒకటుంది.

ఆ గాటు సీసాల ఫ్యాక్టరీ నాటిది. తొమ్మిదేళ్ళ కిందటి దాకా ఊరంతా ఆ ఫ్యాక్టరీ మీదే బతికింది. అతను అక్కడ సీసాలకు గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దేవాడు. అన్నయ్య కొలిమి మేస్త్రీ. నూనెతో మండే ఆ కొలిమికి నూనె తేలేక యజమానులు చేతులెత్తేశారు. కొలిమి చల్లారిన రోజున లోపలి గాజు లోపలే గడ్డకట్టింది. అది గడ్డకట్టేలోపే ఆ చివరి గాజులోంచి మేస్త్రీ బొటనవేలంత సీసాలు ముప్పై ఒకటి ఊది, బిరడాలతో సహా లెక్కపెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే, “ఉండనీ, దేనికో దానికి పనికొస్తాయి” అన్నాడు.

బోరు గోపురం లేచిన నాటి నుంచి ఊరికి ప్రాణం లేచొచ్చింది. మంగలి రెండో కుర్చీ వేయించాడు. టీకొట్టాయన బల్లలకు రంగులు కొట్టించాడు. గ్యాసు పడితే కొలిమి మళ్ళీ వెలుగుతుందనీ, వలసపోయిన వాళ్ళంతా తిరిగొస్తారనీ కొట్టు దగ్గర ఒకటే చర్చ. “పడితే మాత్రం మనకిస్తారా!” అని ఒక్క బస్సు డ్రైవరే అనేవాడు. వాడి నోట ఏనాడు మంచి మాటొచ్చింది గనకా అని అందరూ వాణ్ణి కసిరేవారు.

అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నవాడు మేస్త్రీ. అప్పటికే ఊపిరితిత్తులు పాడయి, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడుతున్నాడు. పెద్దాసుపత్రి ఉన్న నగరంలో కూతురుంది. వచ్చెయ్యి నాన్నా అని పక్కింటికి ఫోను మీద ఫోను. ఆయన మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, దూరంగా కనిపించే ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూస్తూ కూర్చునేవాడు. వంద మీటర్లకోసారి తమ్ముడు చిటికెడు పలుకులు కాగితంలో పొట్లం కట్టి తెస్తే, గ్యాసు పడిందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఓ సీసాలో పోసి, మీద లోతు రాసిన చీటీ అంటించేవాడు.

మొదటి ఆరు సీసాలూ ఏ వాసనా లేనివే. ఆరోదాని రోజున అన్నం పళ్ళెం తోసేసి, “ఏం లేదురా, ఉత్త రాళ్ళు” అన్నాడు. మర్నాడు కూతురి దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. వదిన పెట్టె సర్దింది. కానీ ఆ ఒప్పుకున్న మొహం జల్లెడాయన చూశాడు. బతకడానికి వెళ్తున్న మొహం కాదది.

ఆ వారం, ఏడొందల మీటర్ల పలుకులు పొట్లం కట్టబోతూ, జనరేటరు పక్కన పడున్న డీజిలు గుడ్డను వాటికి ఒక్కసారి తాకించాడు. అంతే. ఒకే ఒక్కసారి.

మేస్త్రీ వాసన చూశాడు. నలభై ఏళ్ళు నూనె కొలిమి దగ్గర పనిచేసిన ముక్కు, డీజిలును పసిగట్టేస్తుందేమోనని జల్లెడాయన అరడుగు వెనక్కి జరిగాడు. పసిగట్టలేదు. పసిగట్టడం ఇష్టం లేకపోయిందేమో, ఎవరికి తెలుసు! “పడిందిరా చిన్నోడా!” అంటూ లేచి నిలబడి, దగ్గుతూనే నవ్వాడు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. “పెట్టెలో బట్టలు తీసెయ్యవే. కొలిమి వెలిగించేనాడు నేను లేకపోతే ఎవడు వెలిగిస్తాడు?” అన్నాడు భార్యతో.

ఒక్కసారి తాకించిన గుడ్డ వారం వారం తాకించక తప్పలేదు. రెండు నెలలయ్యాక ఏదో మాటల్లో రాళ్ళ మేడం చెప్పింది, భూమిలోని గ్యాసుకు సాధారణంగా వాసనే ఉండదని. “వంటింటి సిలిండరు కంపు కొడుతుంది చూడు, అది లీకయితే తెలియాలని మనం కలిపేది.” ఆ రోజు జల్లెడాయన ఎంతసేపు కడిగాడో, జల్లెడలో పలుకులు తళతళలాడిపోయాయి.

ఇవాళ సంచీ తీసుకుంటూ మేడం అతని మొహం వంక చూడలేదు.

“ఇదే ఆఖరుది. బోరు మూసేస్తున్నారు.”

అతను జల్లెడ కింద పెట్టాడు. “గ్యాసు లేదామ్మా?”

“ఉంది. పైకి లాగేంత లేదు.”

“మా కొలిమి ఒక్కదానికైనా...”

“చాలదు.” ఆవిడ ఆగి, గొంతు తగ్గించింది. “దండిగా పడినా గొట్టంలో నేరుగా ఓడరేవుకే పోయేది. మీ ఊరికి ఇవ్వాలని కాగితాల్లో ఎక్కడా లేదు. ముందే చెప్పుండాల్సింది. అందరూ అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు.”

నోరు రాకపోవడం ఎలా ఉంటుందో ఆవిడ అతనికి చెప్పాల్సిన పనిలేదు.

అలవాటుగా చిటికెడు పలుకులు పొట్లం కట్టుకున్నాడు. జనరేటరు పక్కనుంచే బయటికి దారి. గుడ్డ అక్కడే ఉంది. చెయ్యి దానివైపు వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకుని గబగబా నడిచాడు.

దారి పొడవునా ఒకటే లెక్క వేసుకున్నాడు. రేపు పొద్దున ఆరింటికి నగరానికి బస్సుంది. మధ్యాహ్నానికల్లా అన్నయ్య ఆసుపత్రిలో ఉంటాడు. ఆలస్యమైంది, నిజమే, కానీ మించిపోలేదు. కాకపోతే ఈ పూటే చెప్పెయ్యాలి. చెంప పగలగొట్టినా సరే, చెప్పెయ్యాలి. మంగలి రెండో కుర్చీ దుమ్ము దులుపుతూ “ఏం సంగతి జల్లెడాయనా, పడ్డట్టేనా?” అని కేకేశాడు. వినిపించనట్టు వచ్చేశాడు.

ఇంట్లో మధ్యాహ్నపు ఎండ గచ్చు మీద సగం దాకా పరుచుకుని ఉంది. పెరట్లో వదిన బట్టలు ఝాడిస్తున్న చప్పుడు. మేస్త్రీ కిటికీ వైపు తిరిగి కుర్చీలో కునుకు తీస్తున్నాడు, గడ్డం ఛాతీకి ఆనించి. తమ్ముడు కిందే గచ్చు మీద కూర్చున్నాడు. లేచాక చెబుదామనుకున్నాడు. కానీ కళ్ళలోకి చూస్తూ చెప్పేంత ధైర్యం తనకు లేదని తనకే తెలుసు. అందుకని కుర్చీ కాలు వంక చూస్తూ మొదలుపెట్టాడు.

“అన్నయ్యా, గ్యాసు పడలేదు. ఎప్పుడూ పడలేదు. ఆ వాసన నేనే పూశాను, డీజిలు. నువ్వు అన్నం మానేశావని... నువ్వలా అయిపోతే చూడలేక చేశాను. రేపు పొద్దున బస్సెక్కుదాం. నేనూ వస్తాను. కొలిమి వెలగదు. నువ్వు బాగుంటే చాలు నాకు. తిట్టు అన్నయ్యా. నాలుగు తిట్టు.”

అన్నయ్య తిట్టలేదు. జల్లెడాయన చాలాసేపటికి తలెత్తాడు. ఎండ జరిగి ఆయన పాదాల మీదకొచ్చినా కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఎప్పుడూ గదంతా నిండిపోయే ఆ పిల్లికూతల ఊపిరి వినబడటం లేదు. అది లేదని ఇంట్లోకి అడుగు పెట్టగానే తెలియాల్సింది. చెప్పాల్సిన మాటల హోరులో పడి అతను వినలేదు. చెయ్యి పట్టుకున్నాడు. అది అప్పటికే చల్లబడింది.

వదిన తడి చేతులతో గుమ్మంలోకొచ్చి నిలబడింది. చూసింది. ఏడవలేదు, గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

“ఇందాకేగా మంచినీళ్ళు తాగారు. చిన్నోడు వచ్చే వేళయిందన్నారు.”

“వదినా, నేనే చంపుకున్నాను. ఆ వాసన...”

“తెలుసు.”

అతను తెల్లబోయి చూశాడు.

“నీ చొక్కాలు ఉతికేది ఎవరనుకున్నావ్? జేబుకి డీజిలు మరక. ఎన్నిసార్లు రుద్దినా పోదు. మొదటి వారమే తెలిసింది నాకు.” ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. “చెప్పేద్దామనే అనుకున్నా. పెట్టె మళ్ళీ సర్దుదామనే అనుకున్నా. కానీ ఆ వాసన చూసిన రోజున మారడిగి తినేవారు బాబూ. పాత పాటలేవో కూనిరాగాలు తీసేవారు. ఆ నవ్వు పోతుందని నోరు మూసుకున్నా. నువ్వొక్కడివే కాదు.”

ఇద్దరూ ఆయన చెరోపక్కన కూర్చుండిపోయారు. ఒకరినొకరు ఓదార్చుకునే అర్హత కూడా లేదనిపించింది జల్లెడాయనకు. అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, అన్నయ్య మోకాలికి నుదురానించి.

మంగలీ, టీకొట్టాయనా, బస్సు డ్రైవరూ వచ్చారు. మేస్త్రీని నలుగురూ కలిసి మంచం మీదకు చేర్చారు. బోరు మూసేస్తున్న సంగతి అప్పటికే ఊరంతా పాకింది. అయినా ఆ గదిలో ఎవరూ ఆ మాటెత్తలేదు. డ్రైవరయితే తల దించుకుని చెప్పులు కూడా చప్పుడు కాకుండా తొడుక్కుని వెళ్ళాడు. కూతురికి ఫోను చేయడానికి వదిన పక్కింటికి వెళ్ళింది.

గదిలో ఒంటరిగా మిగిలాక, జల్లెడాయన కిటికీ గూట్లోకి చూశాడు. ముప్పై సీసాలు బిరడాలు బిగించుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ముప్పై ఒకటోది చివర్న ఖాళీగా ఉంది. దాని బిరడా తీసి, ఎక్కడికీ దొర్లిపోకుండా గుడ్డముక్క మీద పెట్టి ఉంచాడు మేస్త్రీ. చీటీ కూడా పొద్దున్నే రాసి అంటించేశాడు, వణికే అక్షరాలతో: 3100.

జల్లెడాయన జేబులోంచి పొట్లం తీశాడు. శుభ్రంగా కడిగిన పలుకులు, ఏమీ పూయనివి. ఒక్కటి కూడా కింద పడకుండా సీసాలో పోశాడు. బిరడా చేతిలోకి తీసుకుని, మళ్ళీ ఆ గుడ్డముక్క మీదే పెట్టేశాడు.

సాయంత్రపు వెలుగులో ఆ చిన్న సీసా గూట్లో మూత లేకుండా నిలబడి ఉంది, ఏ వాసనా లేని పలుకులతో.