ఓదీలా పిన్ని హీటరు

ఎలోయ్ బాబాయి పికప్ బండి ఎక్కాలంటే మా ఓదీలా పిన్నికి రెండు వస్తువులు చేతిలో ఉండాలి. ఒకటి జపమాల, రెండోది మంచు ముక్కలు వేసిన బకెట్. జపమాల దేవుడి మీద నమ్మకం ఉండి, బకెట్ మొగుడి మీద నమ్మకం లేక.

అది 1957 నాటి బండి. బాబాయి వాళ్ళ నాన్న కొన్నది. ఎండాకాలంలో కాస్త ఎత్తు ఎక్కితే చాలు, ఇంజను ఉడికిపోతుంది. దానికి బాబాయి కనిపెట్టిన వైద్యం ఏమిటంటే, మండే జూలైలో కూడా లోపలి హీటరు పూర్తిగా తిప్పి పెట్టడం. అలా చేస్తే ఇంజను వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది, ఇంజను బతికిపోతుంది. ఆ హీటరు ఉన్నది సరిగ్గా పిన్ని కాళ్ళ దగ్గర. అందుకని ఆవిడ చెప్పులు విప్పి కాళ్ళు మంచు బకెట్‌లో పెట్టుకుని, నలభై ఒక్కేళ్ళు ఆయన పక్కన కూర్చుంది. మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఎవరో ఒకరు ఆ బకెట్ కథ చెప్పకుండా భోజనాలు పూర్తి కావు.

ఇక మా ఊరు ఎస్పన్యోలా సంగతి. ఇక్కడ బండి వేగంగా తోలేవాడికి విలువ లేదు. ఆదివారం సాయంత్రం బండిని అద్దంలా తుడిచి, దాని ఒళ్ళు నేలకి ఆనేంత కిందికి దించి, పెద్ద వీధిలో మనిషి నడక కన్నా నెమ్మదిగా నడిపేవాడే మొనగాడు. బాబాయి పెళ్ళయిన ఏడాది ఒక్కసారి ఆ వరసలో కలిశాడు. పక్కన పిన్ని, పసుపుపచ్చ గౌను. నెమ్మదిగా పోతే రేడియేటరుకి గాలి తగలదు కదా, సరిగ్గా చర్చి ముందుకొచ్చేసరికి బండి బుసబుసమని మరిగి తెల్లటి ఆవిరి కక్కింది. ఊరంతా చూసింది. ఆ రోజు నుంచి ఆయనకి కాఫీ గిన్నె అని పేరు పడిపోయింది. మళ్ళీ ఏ ఆదివారమూ ఆయన పెద్ద వీధి ముఖం చూడలేదు.

నేను మా నాన్న వదిలి వెళ్ళిన షెడ్డులో బండ్లు బాగు చేస్తాను. ఆ రేడియేటరు మార్పించుకోమని పదేళ్ళుగా ఆయనతో పోట్లాడుతున్నాను.

"మా నాన్న కొన్నప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. ఒక్క బోల్టు కూడా మార్చలా," అనేవాడు రొమ్ము విరుచుకుని.

"మార్చలేదు కాబట్టే పిన్ని కాళ్ళు ఉడికిపోతున్నాయి," అనేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది, దాచుకోవడం చేతకాదు.

అలాంటి మనిషి ఆగస్టు చివర్లో ఒక శనివారం పొద్దున్నే మా పెరట్లోకి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎర్మిందా, ఎంత నెమ్మదిగా తోలినా మరగకుండా చెయ్యగలవా దాన్ని?"

ఎగతాళి చెయ్యబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. పిన్నికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చలికాలం నుంచి వారానికి మూడు రోజులు శాంటా ఫే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, మిషను మీద రక్తం శుభ్రం చేయిస్తున్నారు.

"ఏమైంది బాబాయ్?"

"నిన్న తిరిగొస్తుంటే మీ పిన్ని అడిగింది. ఒక్క ఆదివారం పెద్ద వీధిలో నెమ్మదిగా తిప్పమని. వచ్చే వేసవికి ఓపిక వస్తుంది, అప్పుడు వెళ్దాంలే అన్నా. 'వచ్చే వేసవికి నేనుంటానని నీకెవరు చెప్పారు ముసలాడా' అంది." ఆయన టోపీని గుండ్రంగా తిప్పుతూ నేల చూశాడు. "నలభై ఒక్కేళ్ళలో అది నన్ను అడిగింది ఇదొక్కటేనే."

"బండి వదిలేసి వెళ్ళు. శాంటా ఫేకి నా కారు తీసుకుపో," అన్నాను, కసిరినట్టే.

సామాను తెప్పించడానికి వారం, పనికి ఇంకో వారం పట్టింది. పాత రేడియేటరు సగానికి పైగా తుప్పుతో, బురదతో పూడుకుపోయి ఉంది. దాని చోట వెడల్పాటి గొట్టాల అల్యూమినియం రేడియేటరు పెట్టాను. కొత్త పంపు, ఇంజను బాగా వేడెక్కితే దానంతట అదే తిరిగే కరెంటు ఫ్యాను, ఫ్యాను లాగే గాలి పక్కలకి పోకుండా చుట్టూ ఒక రేకు గూడు. ఆ ఫ్యానుకి చాలినంత కరెంటు కోసం పాత జనరేటరు తీసేసి ఆల్టర్నేటరు. నేను విప్పే ప్రతి బోల్టునీ బాబాయి కాఫీ డబ్బాల్లో వేసి, అది ఎక్కడిదో కాగితం మీద రాసి అంటించాడు. పన్ను పీకించుకుంటున్నవాడిలా ముఖం పెట్టాడు కానీ ఒక్కసారి కూడా వద్దనలేదు.

శుక్రవారం ఆయన పిన్నిని తీసుకుని శాంటా ఫే వెళ్ళాడు. ఒంటరిగా పని చేసుకుంటుంటే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఇంజను ఇక ఉడకదు. ఉడకనప్పుడు ఆ పాపిష్టి హీటరుతో పనేముంది? నలభై ఒక్కేళ్ళు పిన్ని కాళ్ళని కాల్చిన ఆ పెట్టెని ఊడబెరికి, దానికి పోయే గొట్టాలు మూసేశాను. పిన్నికి ఇది నా బహుమతి అనుకున్నాను. సాయంత్రం బాబాయి చూసి భుజం తట్టాడు.

"మంచి పని చేశావు. ఇక మీ పిన్ని సణుగుడు వదిలింది నాకు!"

పిన్ని కారు దిగలేదు. తలుపు తెరిచి ఉంటే కాళ్ళు కనిపించాయి, ఉన్ని మేజోళ్ళతో. ఆ ఎండలో ఉన్ని మేజోళ్ళేమిటని ఒక్క క్షణం అనుకుని, మళ్ళీ నా పనిలో పడ్డాను.

శనివారం ఇంజను నడిపి చూస్తే పావుగంటకే వేడి చూపే మీటరు ముల్లు పైకి పాకింది. పానా విసిరికొట్టాను. "ఇంత ఖర్చూ, ఇంత చాకిరీ, మళ్ళీ అదే ఏడుపా!" బాబాయి మాత్రం తాపీగా బానెట్ మీద చెయ్యి వేసి చెవి పెట్టి విన్నాడు.

"అరవకే. గొట్టాల్లో గాలి చిక్కుకుంది. లోపల గుడగుడమంటోంది విను."

కాస్త చల్లారనిచ్చి, బండిని కాలువ గట్టు మీదికి ముక్కు పైకి ఉండేలా ఎక్కించాడు. రేడియేటరు మూత తీసి ఇంజను నడుపుతూ నీళ్ళు పోస్తుంటే బుడగలు బుడగలుగా గాలి బయటికొచ్చింది. ఆ తర్వాత గంటసేపు కదలకుండా నిలబెట్టి నడిపాం. ముల్లు పెరిగినప్పుడల్లా ఫ్యాను తనంతట తనే తిరిగింది, ముల్లు కిందికి దిగింది. బాబాయి బండినే చూస్తూ, "మా నాన్న చూస్తే ఏమనేవాడో," అన్నాడు. బానెట్ మూసేసి, "ఏమన్నా అననీలే," అన్నాడు.

ఆదివారం సాయంత్రం పిన్ని మెడకి పసుపుపచ్చ గుడ్డ చుట్టుకుని వచ్చింది. పాత గౌనుకి ఇప్పుడు ఆమె ఒళ్ళు చాలదు. చేతిలో ఎప్పటిలాగే తువ్వాలు కప్పిన బకెట్. నేను చటుక్కున లాక్కున్నాను.

"ఇవాళ్టితో దీనికి సెలవు పిన్నీ! హీటరు పీకి పారేశా. నీకోసమే."

పిన్ని వంగి డ్యాష్‌బోర్డు కింద ఖాళీని చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత నా చెంప నిమిరి, "మంచిదమ్మా," అని బండెక్కింది.

బకెట్ నా కారు వెనక సీట్లో పడేసి వాళ్ళ వెనకాలే బయల్దేరాను. పెద్ద వీధిలో ఆయన్ని చూడగానే నవ్వులు. "ఒరేయ్, కాఫీ గిన్నె వచ్చాడ్రోయ్! కప్పులు తెచ్చుకోండి!" అని ఎవడో అరిచాడు. చర్చి ముందుకి రాగానే అరుగుల మీద జనమంతా మెడలు సాచి ఆవిరి కోసం చూశారు. రాలేదు. బండి పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా చర్చి దాటింది. పిన్ని కిటికీలోంచి మహారాణిలా చెయ్యి ఊపింది. అరిచినవాడే టోపీ తీశాడు. నేను కారులో ఒక్కదాన్నే ఈల వేశాను.

రెండో చుట్టులో పొద్దు వాలింది. ఏటి మీంచి గాలి చల్లబడింది. మలుపు దగ్గర నా వెనక సీట్లో బకెట్ దొర్లింది. మంచు నీళ్ళు సీటంతా పాడు చేశాయని తిట్టుకుంటూ చూశాను. నీళ్ళు లేవు, మంచు లేదు. తువ్వాలు కింద నుంచి మడత పెట్టిన ఉన్ని దుప్పటి జారి పడింది. అంటే పిన్ని ఈ మధ్యంతా ఆ బకెట్‌లో మంచుకి బదులు దుప్పటి వేసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటోంది. హీటరు చాలక దుప్పటి కూడా. నేను ఆ రెండూ లాగేసుకున్నాను.

తలెత్తి చూస్తే ముందు బండి వెనక అద్దంలో పిన్ని తల కనిపించలేదు.

కారు వీధి మధ్యలోనే వదిలేసి, దుప్పటి పట్టుకుని పరిగెత్తాను. ఆ వరసలో బండ్లని కాళ్ళతో అందుకోవడం కష్టం కాదు. కిటికీ దగ్గరికి చేరి లోపలికి చూశాను.

పిన్ని తలుపుకి వీపు ఆనించి, ఆ పొడుగాటి సీటు మీద అడ్డంగా, కిందికి జారి కూర్చుని ఉంది. మేజోళ్ళు తీసేసి ఉన్నాయి. రెండు కాళ్ళూ బాబాయి ఒళ్ళో ఉన్నాయి. ఆయన కోటు వాటి చుట్టూ చుట్టి, ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చేత్తో ఆ పాదాలు పట్టుకుని ఉన్నాడు. మొదటి గేరులోనే నడుస్తోంది కాబట్టి గేరు మార్చే పని లేదు.

"పిన్నీ! ఏమైందే నీకు?"

"ఏం కాలేదు, చలేస్తోందంతే. ఆ మిషను ఎక్కినప్పటి నుంచీ నా కాళ్ళు ఎప్పుడూ ఐసుగడ్డలే. ఈ వేసవంతా హీటరు దగ్గరే కాస్త హాయిగా ఉండేది."

"చెప్పి చావొచ్చుగా!" నాకు ఏడుపొచ్చేసింది. బండి పక్కన నడుస్తూనే ఏడ్చాను.

"ఎవరికి చెప్పను? ఈయన బకెట్ చూసి, అందులో మంచే ఉందనుకుని, అంతా మామూలేనని కుదుటపడేవాడు. నువ్వేమో అంత సంబరంగా పీకావు."

బాబాయి ముందుకే చూస్తున్నాడు, కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. నేను దుప్పటి అందించబోతే పిన్ని నా చెయ్యి వెనక్కి తోసింది.

"అక్కర్లేదు, తీసుకుపో. వెనక బండ్లు ఆగిపోయాయి, నీ కారు చూసుకో."

ఆ సాయంత్రం వాళ్ళు అయిదు చుట్లు తిరిగారు.

మంగళవారం పొద్దున్నే బాబాయి బండి మా పెరట్లో ఉంది. "హీటరు వెంటనే బిగించు," అన్నాడు. ఆయన భుజం వెనక నుంచి, సీట్లో కూర్చున్న పిన్ని నాకేసి చూసి, తల అడ్డంగా ఊపింది. పెదవి మీద వేలు కూడా పెట్టింది.

హీటరు నా వెనక అరలో, గోనె కింద భద్రంగా ఉంది.

"తుక్కువాడు పట్టుకుపోయాడు బాబాయ్," అన్నాను. "ఆ కాలం బండికి ఇంకోటి దొరకాలంటే క్రిస్మస్ దాకా పట్టుద్ది."

"అప్పటిదాకా దీని కాళ్ళ సంగతేంటే?"

"ఎందుకలా అరుస్తావు?" అంది పిన్ని లోపల్నించి, అప్పటికే చెప్పులు విప్పుకుంటూ. "ఎక్కు. నెమ్మదిగా పోనీ."