ఐసు తగలని రొయ్యలు

ఓటర్లకు ఐసు పెట్టడానికి రొయ్యలు కొనబోయిన దేవరాజు, రొయ్యలకు ఐసు పెట్టడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు.

ఆదివారం ఆరాధన కాగానే ఏలూరులో వాళ్ల చర్చి కార్యదర్శి ఎన్నిక. పదేళ్లుగా ఆ కుర్చీ మీద కన్నేసిన మనిషి, శనివారం మధ్యాహ్నం భోజనానికి సంఘ పెద్దల్ని పిలిచి, ఆ రోజు తెల్లారేసరికి స్కూటరు మీద కైకలూరు చేరాడు.

"ఒక పొర ఐసు, ఒక పొర రొయ్య వేసిస్తానండి. మే నెల కదండీ," అన్నాడు అమ్మే నాగేశ్వరరావు.

"ఐసేశారంటే నిన్నటి సరుకని అర్థం. మా ఇంట్లోకి ఐసు రొయ్య రాదయ్యా."

చెరువులో పట్టిన గంటకే కొన్న రొయ్యలు స్కూటరు డిక్కీలో ఏలూరుకి బయల్దేరాయి. తిన్నగా వస్తే బాగుండేది. దారిలో ఓటున్న ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, డిక్కీ తెరిచి, "చూడండి, ఐసు తగల్లేదు," అని దర్శనం ఇప్పించాడు. ఇల్లు చేరేసరికి పదకొండు. రొయ్యల తలలు నల్లబడి ఊడిపోతున్నాయి. ఆయన తల మాత్రం బిరుసుగానే ఉంది.

భార్య పుష్పమ్మ సంచీ విప్పి ముక్కు మూసుకుంది. "ఏవండీ, ఇవి పాడైపోయాయండీ."

"అది చెరువు వాసనే. వండు," అంటూ స్నానానికి పోయాడు.

పుష్పమ్మ సంచీని పెరట్లో పడేసింది. వీధిలో రొయ్యల బుట్టతో అమ్ముకుంటూ వెళ్తున్న తాయారమ్మను పిలిచి, ఐసులో కప్పిన రొయ్యలు తీసుకుని ఇగురు పెట్టింది.

పెద్దలు వేళ్లు నాకారు. "ఎంత తాజాగా ఉన్నాయండీ దేవరాజు గారూ," అన్నాడు సంఘ పెద్ద మత్తయి.

"ఐసు మొహం చూడని సరుకండి," అని దేవరాజు మీసం దువ్వాడు.

అతిథులు వెళ్లాక చేతులు కడుక్కోవడానికి పెరట్లోకెళ్తే తన సంచీ కనపడింది. పుష్పమ్మ దాచకుండా జరిగింది చెప్పింది.

"అంటే వాళ్లు తిన్నది తాయారమ్మ బుట్టలోని ఐసు రొయ్యలా? నా పరువేం కావాలి?" అని ఆ రొయ్యలు తనే ఒలిచి, మూకుడులో ఎర్రగా వేయించాడు. "ఇంత వేపుడికి ఏ పురుగు బతుకుతుందే?"

"పురుగు చస్తుందేమో గానీ, అది వదిలిన విషం చావదండీ. నా మాట వినండి."

వినలేదు. వాసనకి నిమ్మకాయ పిండి, నమ్మకానికి తనే సాక్షిగా పళ్లెం ఖాళీ చేశాడు.

ఆదివారం చర్చిలో మత్తయి దేవరాజు పేరు మూడుసార్లు పిలిచాడు. పోటీలో నిలబడేవాళ్లు అందరిముందూ లేచి నిలబడాలన్నది వాళ్ల సంఘం పద్ధతి. నిలబడాల్సిన మనిషి ఇంట్లో కూర్చున్నచోటు నుంచి లేవలేకపోతున్నాడు. కార్యదర్శి కాబోయినవాడికి పొద్దుట్నుంచీ మరుగుదొడ్డి దర్శనమే.

ఆయన రాలేరని చెప్పడానికి పుష్పమ్మ లేచింది.

"నిన్నటి ఇగురు వండింది మీరే కదండీ?" అన్నాడు మత్తయి. సంఘం వైపు తిరిగి, "ఆ పదవి ఆవిడకే ఇస్తే పోలా?" అన్నాడు.

నిన్న తిన్న చేతులు ముందు లేచాయి. తక్కినవి వెంట లేచాయి.

కొత్త కార్యదర్శి ఇంటికొచ్చి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు భర్తకు అందించింది. విషయం విని దేవరాజు గ్లాసు ముట్టుకుని, నీరసంగా అన్నాడు.

"వెచ్చగా ఉన్నాయి పుష్పా. కాస్త ఐసు వెయ్యవా?"

"ఐసు తగలని నీళ్లండి," అంది పుష్పమ్మ. "తాగండి."