ఏటి వెలుగు

పొద్దుటి మెయిలు వెళ్ళిపోయాక కూర్మయ్య కాఫీహోటల్లో కాస్త సందడి తగ్గుతుంది. ఊరు ఆమదాలవలస, స్టేషను బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్డు. శ్రీకాకుళం వచ్చేసిందనుకుని పెట్టేబేడాతో దిగిపోయి, ఊరేదని దిక్కులు చూసేవాళ్ళు రోజూ ఉంటారు. కూర్మయ్య వాళ్ళని కూర్చోబెట్టి ముందు కాఫీ ఇస్తాడు, దారి తరవాత చెబుతాడు. రైల్వేవాళ్ళు ఆ బోర్డు మార్చారంటే మన హోటలు మూసెయ్యడమేనని అతని భార్య నారాయణమ్మ అంటూంటుంది గాని, ఆవిడ పెసరట్ల కోసం శ్రీకాకుళం నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు కూడా లేకపోలేదు.

హోటలుకి వీధి గుమ్మం తప్ప కిటికీ అంటూ లేదు. ఒక పక్క ధాన్యం గోదాము, ఇంకో పక్క కిరసనాయిలు కొట్టు. అయినా లోపల చీకటుండదు. వెనక గోడకి పెద్ద నూనెరంగుల బొమ్మ ఒకటి వేలాడుతోంది. ఏదో పడమటి దేశపు పాత బొమ్మకి నకలు. జమీ పోయి బంగళా సామాను తలోటీ పంచేస్తున్నప్పుడు, అక్కడ వంట చేసిన కూర్మయ్య తండ్రి వంతుకి అది వచ్చింది. పక్కవాడికి పందిరిమంచం వచ్చిందని ఆయన చాలాకాలం ఏడ్చాడు. ఆ మంచానికి చెదలు పట్టాక మానేశాడు.

బొమ్మలో ఎడమ పక్కన కిటికీ. కిటికీ దగ్గర తలకి తెల్లగుడ్డ చుట్టుకున్న ఇల్లాలు రాట్నం ముందు కూచుని, తలొంచుకుని నూలు వడుకుతుంటుంది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆవిడ చెంప మీదా చేతుల మీదా పడి, అక్కడితో ఆగకుండా చట్రం దాటి, హోటల్లో మూల బల్ల మీద కూడా పడుతుంది. దాన్ని ఊళ్ళోవాళ్ళు బొమ్మెండ అంటారు. బొమ్మెండలో వడియాలు ఎండవు. నారాయణమ్మ ఒక వానాకాలం పెట్టి చూసింది, బూజు పట్టాయి. కాని సూదిలో దారం ఎక్కించడానికీ, బియ్యంలో రాళ్ళేరడానికీ, కాల్లో ముల్లు తియ్యడానికీ అంతకన్న మంచి వెలుగు లేదు. ముసురు రోజుల్లో స్టేషను మాస్టరు కూడా పేపరు పట్టుకుని ఆ బల్ల దగ్గరికే వస్తాడు.

ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్మయ్య మేనల్లుడు జగన్నాధం కూచుని ఉన్నాడు. వాళ్ళది పొందూరు. వాళ్ళమ్మ వాలుగచేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్ననూలు వడికేది. చిన్నప్పుడు అమ్మతో మావ ఇంటికి వచ్చినప్పుడల్లా జగన్నాధం ఈ బల్ల కిందే ఆడుకున్నాడు. మొహం ఒక పక్క వెలుగులో ఉంటే రెండో పక్క నీడ ఎంతుండాలో అతనికి అక్కడే తెలిసింది. పెద్దయ్యాక మద్రాసు పోయి, స్టూడియోల్లో లైట్లు మోసి, పాత పుస్తకాల కొట్లలో పూర్వపు చిత్రకారుల బొమ్మలు నిలబడి చూసి చూసి, కొట్టువాళ్ళ చేత తిట్లు తిని, ఇన్నాళ్ళకి ఒక సినిమాకి కెమెరామాన్ అయ్యాడు. మొదటి సినిమా. షూటింగు సొంత గడ్డ మీదే.

కథలో ముఖ్యమైన సీను ఒకటుంది. ఓడెక్కి బర్మా దేశం, రంగం వెళ్ళిన మొగుడు తిరిగొస్తున్నాడని ఇల్లాలికి మనసులో తెలుస్తుంది. మాటల్లేవు. "మా మావ హోటల్లో బొమ్మలాగే తీద్దామండీ" అని డైరెక్టరు సీతారామారావుని ఒప్పించింది జగన్నాధమే. నిన్న పొందూరులో ఒక ఇంటి గోడకి సున్నం వేయించి, ఎడమ పక్క కిటికీ కొట్టించి, అదే రాట్నం, అదే తెల్ల ముసుగు, అదే తలవంపు, వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాడు. సీతారామారావు కెమెరాలోంచి చూసి, "బొమ్మలా ఉందయ్యా" అన్నాడు. జగన్నాధం పొంగిపోయాడు.

"అదే గొడవ" అన్నాడు సీతారామారావు. "మనిషిలా లేదు."

"నన్నంటారేమిటండీ?" అంది వేషం కట్టిన కన్యాకుమారి, మెడ నొక్కుకుంటూ. "గడ్డం ఇక్కడ, మోచెయ్యి అక్కడ, చూపు దారం మీద. ఊపిరి కూడా ఆయన చెప్పినప్పుడే పీల్చాను."

సాయంత్రం ఈ సంగతి తెలిసి మద్రాసు నుంచి ప్రొడ్యూసరు ట్రంకాలు చేశాడు. కుర్రవాణ్ణి తీసేసి మరొకర్ని పంపుతానన్నాడు. రేపు సాయంత్రం దాకా ఆగండి, ఆ సీను తీసి చెబుతానన్నాడు సీతారామారావు. కన్యాకుమారి కూడా ఇవాళ సాయంత్రం బండికే వెళ్ళిపోవాలి.

"ఒరే జగ్గా, కాపీ సల్లారిపోతన్నాది. తాగుతావేటి, మొకం కడుక్కుంటావేటి?" అంది నారాయణమ్మ పెనం దగ్గర్నుంచి.

"సాయంత్రం నన్ను పంపించేస్తారత్తా. మళ్ళీ లైట్లు మొయ్యడమే."

"పొందూరొచ్చీరా. మీ నాన్న మగ్గం అలాగే ఉన్నాది" అన్నాడు కూర్మయ్య.

"మగ్గం నాకేం వచ్చు మావా?"

"లైట్లు మొయ్యడం వొచ్చీసి పుట్టావేటి?"

జగన్నాధానికి నవ్వొచ్చింది గాని కాఫీ ముట్టుకోలేదు. అంతలో సీతారామారావు వచ్చాడు. ఇన్నాళ్ళూ బొమ్మ సంగతి వినడమే గాని చూడలేదు. చాలాసేపు నిలబడి చూశాడు. బొమ్మెండలో చెయ్యి పెట్టి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. తరవాత నారాయణమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ వెలుగు ఎక్కణ్ణించి వస్తోంది?" అని అడిగాడు.

పెనం మీద అట్టు చుయ్యిమంటోంది. "ఏటి?" అంది ఆవిడ.

సీతారామారావుది గోదావరి లంకల్లో ఒక ఊరు. ఏరు తెలుసు, ఏటి గట్టు తెలుసు, ఏటిలో ఈత తెలుసు. ఇక్కడివాళ్ళు ఏమిటి అనడానికి ఏటి అంటారని మాత్రం ఇంకా చెవికెక్కలేదు.

"ఏటి వెలుగా!" అన్నాడు.

"ఏటి బావూ?" అంది నారాయణమ్మ, ఈసారి గట్టిగా.

"అదేనమ్మా, ఏటిదే! నీళ్ళ మీంచి లేచిన వెలుగు!"

"ఈ బాబు ఏటంటన్నాడ్రా?" అని ఆవిడ మేనల్లుడి కేసి చూసింది.

జగన్నాధం అసలు సంగతి చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఎందుకో ఒకసారి బొమ్మ వైపు చూశాడు. పైనుంచి ఎండ పడితే మనిషి గడ్డం కింద నీడ ఉండాలి. అక్కడ నీడ లేదు. గడ్డం కిందా, ముక్కు కిందా, కనుబొమల అడుగునా పల్చటి వెలుగుంది. కింద నుంచి వచ్చిన వెలుగు. ఆ కిటికీ బయట నీళ్ళున్నాయి. పుట్టినప్పట్నించి కిటికీనే చూశాడు గాని కిటికీ అవతల ఏముందని ఎప్పుడూ అనుకోలేదు. నోరు మూసుకున్నాడు.

"ఏటి గట్టుకే పోదామండీ" అన్నాడు.

"రాట్నాన్ని ఏటి గట్టుకి ఎవరైనా తీసుకెళ్తారా?" అన్నాడు డైరెక్టరు వెంట వచ్చిన, ప్రొడక్షను చూసే కొండబాబు.

"మొగుడొచ్చే దారి చూసుకునే మనిషి తీసుకెళ్తుంది" అన్నాడు సీతారామారావు.

నాగావళి నిండుగా ఉంది. కూర్మయ్య హోటలు కట్టేసి పెళ్ళాంతో సహా షూటింగు చూడ్డానికి వచ్చేశాడు. రాట్నం గట్టు మీద పెట్టారు. నీళ్ళ మీంచి వెలుగు కన్యాకుమారి మొహం మీదికి ఎగబాకింది. జగన్నాధం కెమెరా సర్దుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు వచ్చి సూర్యుడి మీద కూచుంది. కూచున్నది లేవలేదు. ఎండ మళ్ళించడానికి వెండికాగితం అంటించిన అట్టలు ఎటు తిప్పినా ఉత్త అట్టలే. ఏరు బూడిదరంగైపోయింది. కన్యాకుమారి రెండుసార్లు ముఖం తుడుచుకుంది. సీతారామారావు గడియారం చూసుకున్నాడు. జగన్నాధాన్ని చూడలేదు. చూడకపోవడంలోనే అంతా ఉంది.

"మావా, బొమ్మ తెద్దామా?" అన్నాడు జగన్నాధం.

కూర్మయ్య పెళ్ళాం మొహం చూశాడు.

"తెండి. నానూ వస్తాను. తడి తగిలితే మాత్రం ఎవుర్నీ ఊరుకోను" అంది నారాయణమ్మ.

ఎడ్లబండిలో గడ్డి పరిచి, బొమ్మకి పొందూరు దుప్పటి కప్పి తీసుకొచ్చారు. దార్లో ఒకాయన బండి ఆపి, "ఏం కూర్మయ్యా, బొమ్మెండకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగి మరీ పంపించాడు. రెండు స్టూళ్ళు వేసి నీటి అంచున నిలబెట్టారు. నారాయణమ్మ చీర ఎగదోపుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చట్రం పట్టుకుంది.

"మనిషి మీదికి కాదత్తా. నీళ్ళ మీదికి వొంచు" అన్నాడు జగన్నాధం.

బొమ్మెండ నీళ్ళ మీద పడింది. అక్కణ్ణించి లేచి, వణుకుతూ వణుకుతూ కన్యాకుమారి గడ్డం కిందికీ, చెంపల మీదికీ, కళ్ళలోకీ పాకింది.

"గడ్డం ఎక్కడ పెట్టుకోమంటారు?" అంది కన్యాకుమారి.

"మీ ఇష్టమమ్మా. ఏమీ పెట్టుకోకండి."

ఆమె నూలు తియ్యడం మొదలుపెట్టింది. కెమెరా తిరుగుతోంది. ఎదురుగా బొమ్మలో ఆవిడ కూడా తీస్తూనే ఉంది. నీళ్ళ చప్పుడు విందో ఏమో, ఆవిడ మెల్లిగా తలెత్తి ఏటి కేసి చూసింది.

"పాపం, ఎన్నాళ్ళయిందో ఏరు సూసి" అంది నారాయణమ్మ నెమ్మదిగా.

ఆ తలెత్తడం చూసి కన్యాకుమారికి సీను మాటే గుర్తు లేదు. చేతిలో దారం జారింది. ఎవరో పిలిచినట్టు తనూ తలెత్తింది. రావలసినవాడు అవతలి గట్టు మీదికి వచ్చేసినట్టు ఆ మొహం మెల్లిగా విచ్చుకుంది. ఫిల్ము అయిపోయేదాకా కెమెరా తిరుగుతూనే ఉంది.

సీతారామారావు ముక్కు చీదుకుని, "ఊఁ" అన్నాడు. తరవాత కొండబాబుని పిలిచి, "ప్రొడ్యూసరుకి ట్రంకాలు చేసి చెప్పు. ఎవర్నీ పంపక్కర్లేదు" అన్నాడు.

జగన్నాధం ఏటి నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. ఆ పూట మాత్రం కాఫీ వేడిగా తాగాడు.

బొమ్మ మళ్ళీ గోడకెక్కింది. ఆవిడ మాత్రం తల దించలేదు. కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది, నూలు చేతిలోనే ఉంది. అప్పట్నించి బొమ్మెండ మూల బల్ల మీద నిలకడగా పడటం మానేసి, నీళ్ళలా కదలడం మొదలుపెట్టింది. పేపర్లో అక్షరాలు ఈదుతున్నాయని స్టేషను మాస్టరు కొన్నాళ్ళు విసుక్కుని, అలవాటు పడిపోయాడు. సూదిలో దారం మాత్రం ఇప్పుడు కాస్త ఓపిగ్గా ఎక్కించాలి.

సినిమా ఊళ్ళోకి వచ్చేసరికి జగన్నాధం చేతిలో ఇంకో రెండు సినిమాలున్నాయి. అయినా మద్రాసు నుంచి దిగి, అత్తనీ మావనీ మ్యాట్నీకి తీసుకెళ్ళి మధ్యలో కూచున్నాడు. ఆ సీను వచ్చింది. తెరంతా నలుపూ తెలుపూ, అందులో నీళ్ళ వెలుగు. ఇల్లాలు తలెత్తింది.

నారాయణమ్మ మేనల్లుణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఒరే జగ్గా, ఏటి సూస్తన్నాదిరా అది?"

"అవునత్తా" అన్నాడు జగన్నాధం. "ఏటినే సూస్తన్నాది."