అలమరాలో కీచురాయి

నాన్న పోయిన రోజు మధ్యాహ్నం, ఊరి నుంచి వచ్చిన పెద్దకూతురి బట్టల అలమరాలోంచి కీచురాయి అరిచింది. తలుపు తీస్తే ఆగింది. మూస్తే మళ్ళీ మొదలెట్టింది.

“పురుగు కాదక్కా. నాన్నా నేనూ చేశాం,” అంది చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ. “చీకట్లో అరుస్తుంది, వెలుగు పడితే నోరు మూసుకుంటుంది. నువ్వొస్తే ఏడిపిద్దామని మొన్న ఆయనే పెట్టారు.”

ఆ అల్లరి తనకోసమేనన్న మాట అక్క చెవికెక్కలేదు. నాన్న రేడియోలు బాగుచేసే బల్ల దగ్గర వాళ్ళిద్దరూ తలలు ఆనించి కూర్చున్న సాయంత్రాలే కళ్ళకు కట్టాయి. ఆ బల్ల దగ్గరికి తననెన్నడూ పిలవలేదు.

వారం తర్వాత తనూ అలాంటి కీచురాయి చేద్దామని అక్క ఆ బల్ల దగ్గరే కూర్చుని, కూత పెట్టే బజరూ, బ్యాటరీ ముందేసుకుంది.

“ఆ ఎర్ర తీగ అటు కాదక్కా. ఇలా తే, చూపిస్తాను.”

“నీకు నేర్పినప్పుడు నన్నెవరైనా పిలిచారా?”

“నీ చేతులు కాలతాయని ఆయనకి భయం. నావైతే కాలినా ఫర్వాలేదు కాబోలు,” అంటూ చెల్లెలు వేళ్ళు చాపింది. కొసల మీద తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ కాల్చిన చిన్న చిన్న మచ్చలు.

అక్క వాటికేసి చాలాసేపు చూసింది. ఆ మచ్చలంటే కూడా ఆమెకు కుళ్ళు పుట్టింది.

నేర్పమని చెల్లెల్ని ఇంకా అడగలేదు. బజరు తీగలు రెండూ అతకకుండానే ఉన్నాయి.