గంటకి నలభై ఒక్కసార్లు

ఆడవాళ్ళు గురక పెట్టరు. కనీసం మా చీరాలలో పెట్టరు, పెట్టినా ఎవరూ ఒప్పుకోరు. నా గురక మాత్రం వీధి వీధంతటికీ తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన మార్కండేయులు నవారు మంచం వరండాలోకి లాక్కెళ్ళి, అడిగినవాళ్ళకల్లా "లోపల పత్తి జిన్నింగు మిల్లు నడుస్తోందండీ" అని చెప్పారు మరి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురితోపాటు నవ్వకపోతే ఏడవాల్సొస్తుంది.

ఆ మంచం మళ్ళీ లోపలికి రావాలని నాకుండేది. యాభై మూడేళ్ళకి ఇదేం కోరికే అంటారని ఎవరితోనూ అనలేదు. పక్కన ఇంకో మనిషి మసిలే అలికిడి కావాలి, అంతే. పగలంతా ఆయన మగ్గాల వెంట తిరిగి చీరలు తెస్తారు, నేను ఇంట్లో కూర్చుని అమ్ముతాను. మాటలన్నీ చీరల గురించే. పొద్దుగూకితే అవీ ఉండవు.

మొన్న వేసవిలో మాధవీలత అనే టీచరమ్మ చీర కొనడానికి వచ్చింది. చీర కొంగు విప్పి చూపిస్తూ చూపిస్తూ, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. ఆవిడే తట్టి లేపింది.

"ఇది బద్ధకం కాదు రాజేశ్వరిగారూ, జబ్బు. మా అన్నయ్యకీ ఇంతే" అని గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు పేరు రాసిచ్చింది.

ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. డాక్టరుగారి మొదటి ప్రశ్న, "నిద్రలో మీకు ఊపిరి ఆగుతోందని మీవారెప్పుడైనా అన్నారా అమ్మా?"

"ఆయన బయట పడుకుంటారండి" అన్నాను.

ఒంటికి తగిలించుకునే చిన్న పరికరం ఇచ్చి ఇంటికి పంపారు. మర్నాడు దాన్ని తిరిగి తీసుకెళ్తే డాక్టరుగారి గదిలో లెక్క తేలింది. నిద్రలో గంటకి నలభై ఒక్కసార్లు నా ఊపిరి ఆగుతోందట. మొగుడు చెప్పాల్సిన సంగతి యంత్రం చెప్పిందే అని ఆ కుర్చీలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ముక్కుకి మాస్కు పెట్టుకుని పడుకుంటే గాలి ఊదే మిషను తెచ్చుకున్నాను. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో, మాస్కులోంచి గాలి ఎంత లీకైందో పొద్దున్నే తెర మీద కనిపిస్తుంది. పదిహేను రోజులైనా నలభై ఒకటి కాస్తా ఇరవై ఆరు దగ్గరే ఆగిపోయింది. మిషను అమ్మిన దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేశాను.

"పట్టీలు బిగించండి మేడమ్" అన్నాడు.

బిగించాను. బుగ్గలు ఒరుసుకుపోయాయి. మళ్ళీ చేస్తే, "అయితే ప్రెషర్ పెంచాలి మేడమ్, ఓసారి గుంటూరు రండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పోగు తెగితే నేతగాడు పొరుగూరి మేస్త్రీ కోసం కూర్చుంటాడా? ఎక్కడ తెగిందో తనే వెతికి ముడేసుకుంటాడు. గోడ క్యాలెండరు తీసి, రోజూ తేదీ కింద అంకెలు రాయడం మొదలుపెట్టాను. ఏ వైపు తిరిగి పడుకున్నానో, పట్టీ ఎంత బిగించానో, పొద్దున లేస్తే ఎలా ఉందో అన్నీ రాశాను. వారం తర్వాత చదువుకుంటే ఒక్క ముక్క రోజూ కనిపించింది: కుడికన్ను ఎర్రగా ఉంది.

మధ్యాహ్నం అద్దం ముందు కూర్చుని మిషను వేసి, మాస్కు చుట్టూ వేలు పెట్టి చూశాను. గాలి కుడిపక్క ముక్కుపుడక దగ్గర తన్నుకొస్తోంది. తిన్నగా కంట్లోకి కొడుతోంది. అక్కడ నొక్కితే చప్పుడు ఆగిపోయింది.

ఆ ముక్కుపుడక పెళ్ళిలో మా అత్తగారు వెంకటరావమ్మ పెట్టింది. "మొగుడున్నన్నాళ్ళూ తియ్యకు" అంది. ముప్పై రెండేళ్ళుగా తియ్యలేదు. కొబ్బరినూనె రాసి అరగంట తంటాలు పడితే మర ఊడింది. ఆయనకేమైనా అవుతుందేమోనని భయపడ్డాను. నాకేమవుతుందో అని ఇన్నేళ్ళలో ఎవరూ భయపడలేదు కదా అని కూడా అనిపించింది.

మర్నాడు తెర మీద మూడు. డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే, "భలే పట్టారమ్మా, ప్రెషర్ పెంచొద్దు, ఇలాగే వాడండి" అన్నారు. పది రోజులు మూడూ నాలుగూ దాటలేదు. తల బరువు లేకుండా లేవడమంటే ఏమిటో మర్చిపోయాను, మళ్ళీ తెలిసింది.

పదకొండో రోజు పొద్దున కాఫీతో పాటు క్యాలెండరు కూడా వరండాలోకి తీసుకెళ్ళాను. ఆయన నా మొహం చూసి, "ముక్కుపుడకేదీ?" అన్నారు.

"తీసి పది రోజులు దాటిందండీ" అని సంగతంతా చెప్పాను. "ఇప్పుడు గురకే లేదు. మంచం లోపల వేయిద్దామా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నేను బయటికొచ్చింది గురకకి కాదు రాజేశ్వరీ."

"మరి?"

"గురక మధ్యలో ఆగిపోయేది. నువ్వు మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా అంకెలు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ణి. ఒకరోజు ముప్పై దాటింది. కుదిపితే తీసుకున్నావు. ఆ తర్వాత ఇక ఆ గదిలో పడుకోలేకపోయా. భయమేసింది."

"నాతో చెప్పొచ్చుగా? డాక్టరుకి చూపించొచ్చుగా?"

"ఏం చెబుతాడోనని..."

"మీరు బయట పడుకుంటే నా ఊపిరి ఆగదా?"

ఆయన తల దించుకున్నారు. "ఆగింది తెలియదు కదా" అన్నారు.

ఆ రోజు వచ్చినవాళ్ళకి ఏ చీరలు చూపించానో నాకు గుర్తులేదు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. కోపం కంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ నా ముక్కుని నేనే తిట్టుకున్నందుకు ఏడుపొచ్చింది.

దీపాలు పెట్టే వేళకి ఆయన పరుపు చుట్టి చంకన పెట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డారు.

"ఇక భయం లేదుగా. లోపలికొచ్చేస్తాను" అన్నారు.

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మాట అది. నా నోటి నుంచి మాత్రం "వద్దులెండి" అని వచ్చింది.

"ఎందుకే?"

"ఎప్పుడైనా కరెంటు పోయి మిషను ఆగితే, మీరు మళ్ళీ పరుపు చుట్టుకుని వెళ్ళిపోతారు. ఈసారి నేను మెలకువగా ఉండి అది చూడాల్సొస్తుందండీ."

ఆయన చంకలో పరుపు సర్దుకుని, వెనక్కి తిరిగారు. పిలుద్దామనిపించింది. పిలవలేదు.