నాలుగు గోలీలు, రెండు అరచేతులు

ఆ క్వార్టర్‌లో దగ్గుతోనే తెల్లవారుతుంది.

ముందు ఒకటి. సన్నగా, పొడిగా — ఎండిన టేకాకు మీద ఎవరో అడుగు వేసినట్టు. అది సరోజనది.

తర్వాత ఇంకొకటి. లోతులోంచి, ఆగి ఆగి — బరువెక్కిన బొగ్గు టబ్బు పట్టాల మీద ఎత్తు ఎక్కలేక వెనక్కి జారినట్టు. అది అంకయ్యది.

మొదటి దగ్గుకు ఒక పేరుంది. టీబీ. ఒక కార్డుంది. ఆసుపత్రి రిజిస్టర్లో ఒక నంబరుంది.

రెండో దగ్గుకు ఏమీ లేదు. అది తన్నుకొచ్చినప్పుడల్లా అంకయ్య పెరట్లోకి పోయి నల్లా తిప్పుతాడు. బకెట్లో నీళ్ళు పడే చప్పుడు కింద దాన్ని దాచేస్తాడు.

బయట మంచు. గోదావరి మీద లేచి, బొగ్గు పొగను కలుపుకుని, కాలనీ ఇళ్ళ మధ్య నింపాదిగా నడిచే మంచు.

లోపల ఇద్దరు మనుషులు. ఒక్క కార్డు.

*

పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. అన్నీ సగం సగమే.

ఒకే గ్లాసు చాయ్. గ్లాసు అతనికి, సాసర్ ఆమెకు. ఒకే జామపండు, పంటితో కొరికి చెరో ముక్క. చలికాలం ఒకే దుప్పటి, చెరో కొస. సమ్మె రోజుల్లో ఒకే జొన్నరొట్టె. అతను పెద్ద ముక్క ఆమె వైపు జరిపేవాడు. ఆమె తిరిగి అతని వైపు జరిపేది. చివరికి ఆ రొట్టె నడిమిట్ల చల్లారిపోయేది.

వానాకాలం మొదట్లో సరోజనకు జబ్బు బయటపడింది. ఆశ కార్యకర్త రేవతి మందులు తెచ్చి, నులక మంచం మీద కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"రోజుకు నాలుగు గోలీలు అత్తమ్మా. నాలుగూ ఒక్కసారే మింగాలె. ఒక్క దినం సుత మానొద్దు. ఆర్నెల్లు."

రేవతి వెళ్ళిపోయింది. నాలుగు గోలీలు సరోజన చేతిలో ఉన్నాయి. ఎర్రగా, రేగుపళ్ళలా.

పెరట్లో నల్లా తిరిగింది.

నీళ్ళ చప్పుడు... దాని కింద టబ్బు జారిన చప్పుడు...

ఆమె లేచి వెళ్ళింది. నల్లా కట్టేసింది. మొగుడి పిడికిలి విప్పి, రెండు గోలీలు పెట్టింది.

"నాకెందుకే?"

"ఊకె మింగు."

అంతే. అతను మింగాడు.

అది తప్పని ఎవరైనా చెప్పినా ఆ రోజు ఆమె నమ్మేది కాదు. అన్నం సగం పెడితే ఆకలి సగం తీరుతుంది. దుప్పటి సగం కప్పితే చలి సగం ఆగుతుంది.

మందూ అంతే అనుకుంది.

*

అతను ఎందుకు దాస్తున్నాడో ఆమెకు తెలుసు.

అంకయ్య పనిచేసే బొగ్గుబాయి అడుగున, ఎండ ముఖం చూడని చోట, నలుగురు మనుషులు ఒకచోట కూర్చుని సద్ది డబ్బాలు విప్పుతారు. టోపీ దీపాలు నాలుగూ నడుమ ఒకే వెలుగై పడతాయి. ఒకరి తొక్కు ఇంకొకరి అన్నంలోకి పోతుంది. ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో ఎవరూ చూడరు.

ఒకప్పుడు అక్కడ ఐదుగురు ఉండేవాళ్ళు. ఐదోవాడు హనుమండ్లు.

హనుమండ్లుకు టీబీ వచ్చింది. మందులు వాడి, నయమై, మళ్ళీ బాయి దిగాడు. మొదటి రోజు డబ్బా తీసుకుని వచ్చి పాత జాగాలోనే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక డబ్బా మాత్రం కొంచెం పక్కకు జరిగింది. తర్వాత ఇంకొకటి... ఇంకొకటి...

అప్పటినుంచి రిటైరయ్యేదాకా హనుమండ్లు బొగ్గు గోడ వైపు తిరిగి ఒక్కడే తిన్నాడు.

మొట్టమొదట జరిగిన డబ్బా అంకయ్యది.

ఆ సంగతి అతను ఒక్క సరోజనకే చెప్పాడు. చెప్పి, అటు తిరిగి పడుకున్నాడు.

అందుకే రేవతి మూడుసార్లు వచ్చి, "మామకు సుత పరీక్ష చెయ్యాలె, ఒక్క ఇంట్ల ఉంటుండ్రు గదా," అన్నా, మూడుసార్లూ మామ బాయిలోనే ఉన్నాడు. ఒకసారి నిజంగానే ఉన్నాడు. రెండుసార్లు పెరట్లో చిక్కుడు పందిరి వెనకాల ఉన్నాడు.

*

మందు మొదలైన మూడో నాడు అంకయ్య ముఖం పాలిపోయి వచ్చాడు.

"సరోజనా... నాకు నెత్తురు వడ్తున్నదే."

"యాడ?"

అతను చెప్పలేక పెరటి మూల వైపు చూశాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నెత్తురు గాదయ్యా. గోలీల రంగు. ఒంటికి పోతే నాకు సుత గంతే వస్తది. రేవతి చెప్పింది."

"జర ముందుగాల చెప్పొద్దా? పానం పోయింది నాది!"

"చెప్తే నీ గీ మొకం చూసే భాగ్యం నాకు యాడ దొరుకుతుండె?"

నవ్వారు. నవ్వు దగ్గయింది. ఇద్దరికీ ఒక్కసారే. దగ్గుతూ మళ్ళీ నవ్వారు.

సగం మందు కూడా కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉంటుంది. అదే దాని మోసం.

ఆమెకు ఆకలి తిరిగొచ్చింది. బుగ్గల గుంటలు పూడాయి. బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి మూడు చుట్లు తిరిగింది, ఆయాసం లేకుండా. అతను నల్లా తిప్పడం మానేశాడు. ప్రతి పొద్దునా ఆమె ముందు అరచెయ్యి చాపేవాడు. రెండు అతనికి, రెండు తనకు.

తెల్లవారుజామున ఒక్క గ్లాసు. ఒక్క సాసర్. రెండు అరచేతులు.

ఇంత మంచిగా బతకొచ్చని ఆమె అనుకోలేదు...

చలి మొదలయింది. టేకాకులు రాలడం మొదలయింది.

ఇద్దరికీ దగ్గు తిరిగొచ్చింది. పెరట్లో నల్లా మళ్ళీ తిరిగింది.

*

ఆమె దగ్గి తీసిన గళ్ళ, ఆ కఫం, పరీక్షకు కరీంనగర్‌కు పోయింది. దాని వెనక ఆమె పోయింది.

డాక్టర్ ప్రజ్ఞది సరోజనకు కూతురయ్యేంత వయసు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అలసిన కళ్ళు. రిపోర్టు ఒకసారి చూసి, సరోజన వైపు చూసింది.

"అమ్మా, ఆర్నెల్లు రోజూ మందు వేసుకున్నావా? నిజం చెప్పు. నేను తిట్టను."

"ఒక్క దినం సుత ఇడువలే."

అది నిజం. ఒక్క రోజు కూడా విడవలేదు.

డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. ఈ జబ్బు క్రిములకు పాత మందు ఇక పనిచేయదు. మందు చాలినంత పడకపోతే మెత్తటివి చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవి పిల్లలు పెడతాయి. ఆ పిల్లలకు ఆ మందంటే భయం ఉండదు. "ఇప్పుడు కొత్త మందు ఇస్తాం. ఇదీ ఆర్నెల్లే. కానీ చాలా బలమైంది. గుండె చూస్తుండాలి, రక్తం చూస్తుండాలి. కాళ్ళు తిమ్మిరెక్కినా, కళ్ళు మసకబారినా వెంటనే చెప్పాలి. ఇది కూడా పనిచేయకుండా చేసుకుంటే..."

డాక్టర్ అక్కడ ఆగింది. ఆగిన చోట సరోజనకు అంతా వినిపించింది.

తిరుగు బస్సు. కిటికీ పక్క సీటు. రోడ్డు వారగా గ్రానైటు కోసం కోసిన గుట్ట. ముందు సగం లేదు. వెనక సగం ఇంకా గుట్టలాగే నిలబడి ఉంది, తనకేమీ కానట్టు.

చాలినంత పడకపోతే...

రెండు నాకు. రెండు అతనికి.

ఎవరికీ చాలలేదు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క సీటామె దగ్గు అనుకుని కొంచెం జరిగి కూర్చుంది.

*

మరునాడు ఆదివారం. అంకయ్యకు ఆటవిడుపు. మంచు ఇంకా విడవకముందే రేవతి వచ్చింది, చంకలో తెల్ల డబ్బా పెట్టుకుని.

"బువ్వ తిన్నవా అత్తమ్మా? తిన్నంకనే మింగాలె. ఇగ రోజూ నా కండ్ల ముందటనే. నువ్వు మంచిదానివే గని నేను నమ్మ."

"నమ్మకు బిడ్డా."

రేవతి పళ్ళెంలో ఏడు గోలీలు పోసి, ఫోన్‌లో ఏదో నింపుతోంది.

సరోజన ఏమీ ఆలోచించడం లేదు. గ్లాసులో నీళ్ళు పోసుకుంది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఆర్నెల్ల అలవాటు — ఆమె వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

ఇటు మూడు. అటు మూడు. నడుమ ఒకటి, ఎటు పోవాలో తెలియక.

రేవతి తలెత్తింది.

పళ్ళెం చూసింది. రెండు కుప్పలు చూసింది. సరోజన ముఖం చూసింది. పెరటి తలుపు దగ్గర, చాపబోయిన అరచెయ్యి చాపకుండా నిలబడిపోయిన మనిషిని చూసింది.

"గిదేంది అత్తమ్మా..."

రేవతి రెండు కుప్పలనూ వేలితో చూపించింది.

"ఎన్ని దినాల సంది?"

"మొదటి దినం సంది," అంది సరోజన.

రేవతి ఫోన్ పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"గోలీల షీట్లు ఖాళీ అయినయా లేదా అని సూసిన. ఎవరి కడుపుల వడ్డయో సూడలే. నా తప్పు సుత ఉన్నది." చేతిసంచిలోంచి మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి గూట్లో పెట్టింది. "మామా, రేపు పొద్దుగాల లేవంగనే, ఊపిరి గట్టిగ తీసుకొని, లోపటి నుంచి దగ్గి తీసిన గళ్ళ కావాలె. ఉమ్ము గాదు. ఎనిమిదింటి లోపట దవాఖానకు తీసుకపోయి ఇయ్యాలె."

"నాకేం లేదు బిడ్డా. పొగ తాగుతగదా, గా దగ్గు."

"పొగ ఇడిసి పదేండ్లాయె మామా. నాకు తెల్వదా?"

*

రేవతి వాకిట్లోకి జరిగి నిలబడింది. ఆమెకు తెలుసు, ఇక లోపలి మాట తనది కాదని.

అంకయ్య పళ్ళెం ముందు కూర్చున్నాడు. అరచెయ్యి చాపాడు. బొగ్గు పొడి దిగి నీలి గీతలు పడిన అరచెయ్యి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ చేతికి ఆమె ఏదీ లేదనలేదు.

"ఈసారి బలమైన మందంటుండ్రు గదనే. కొన్ని దినాలు ఇట్లనే సర్దుకుందాం. పది నెల్లయితే నేను రిటైర్. అప్పుడు పరీక్ష చేయించుకుంట."

సరోజన రెండు కుప్పలను ఒక్కటి చేసింది.

ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగింది. రెండోది. మూడోది... అతని కళ్ళలోకి చూస్తూ మింగింది. ప్రతిదీ గొంతులో ఆగింది. ప్రతిదాన్నీ కిందికి నెట్టింది. నాలుగు. ఐదు. ఆరు.

ఏడోదానికి కళ్ళ నీళ్ళు కారాయి.

"గివి నావి," అంది. "నీవి నువ్వు తెచ్చుకో."

చాపిన చెయ్యి అలాగే ఉంది. ఖాళీగా.

"బాయిల తెలిస్తే ఏమైతదో నీకు తెల్వదా సరోజనా? గోడ దిక్కు మొకం పెట్టి తినాలె నేను."

"తిను."

అతను తల ఎత్తాడు.

"పది నెల్లు గోడ దిక్కు మొకం పెట్టి తిను. వాళ్ళ డబ్బాలల్ల చెయ్యి వెట్టి, నాకిచ్చినట్టే గీ జబ్బు ముగ్గురికి ఇస్తవా? నీ పక్కన తినే వెంకటికి చంటిపోరగాండ్లు లేరా?" ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు బాయిల ఒక్కనివి తింటే మల్ల ఇంటికొస్తవు. నువ్వు పోతే, నేను ఇంట్ల ఒక్కదాన్నే తినాలె. గా డబ్బా యాడికి జరపాలె నేను?"

అంకయ్య చెయ్యి మెల్లగా మూసుకుంది. మూసుకున్న ఆ పిడికిలిని ఆమె రెండు చేతుల మధ్య పట్టుకుంది.

ఇవ్వడానికి ఏమీ లేదు. ఊరికే పట్టుకుంది.

వాకిట్లో రేవతి గట్టిగా, ఎవరికో చెప్పినట్టు అంది. "పరేషాన్ గాకుండ్రి. రెండు డబ్బాలు మోసుకొచ్చుడు నాకు బరువు గాదు."

*

సోమవారం.

అంకయ్య ఆమెకంటే ముందు లేచాడు. పెరట్లోకి పోయాడు. సరోజన కళ్ళు మూసుకునే విన్నది.

నల్లా తిరగలేదు.

టబ్బు కదిలింది. లోతులోంచి, దాచుకోకుండా, ఎత్తంతా ఎక్కి బయటికొచ్చింది. మళ్ళీ. మళ్ళీ.

ఆమె లేవలేదు. చూస్తే సిగ్గుపడతాడని.

అతను బాయి బట్టలు తొడుక్కున్నాడు. సద్ది డబ్బా భుజాన వేసుకున్నాడు. మూతున్న డబ్బీ చొక్కా జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు. ముక్కు మీదుగా తువ్వాల చుట్టుకున్నాడు. ఇదివరకెప్పుడూ అలా చుట్టుకోలేదు.

"పోయొస్త."

ఎక్కడికని అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

కాలనీ మూల మీద దారి చీలుతుంది. ఎడమకు పోతే బాయి. కుడికి పోతే దవాఖాన. ఏడింటికి బాయిలో మస్టర్, హాజరు. ఎనిమిది లోపు గళ్ళ. రెండు చోట్లా ఒక్క మనిషి ఉండలేడు.

పది అడుగుల్లో అతని కాళ్ళు కనిపించలేదు. ఇరవై అడుగుల్లో అతను లేడు.

మంచు.

సరోజన గేటు పట్టుకుని నిలబడింది. బాయి సైరన్ మోగింది. తడిసిన గుడ్డలోంచి వచ్చినట్టు మోగి, ఆగింది. అడుగుల చప్పుడు మూల దాకా వినిపించింది. ఆ తర్వాత లేదు.

అప్పుడు... ఒక్క దగ్గు.

అతనిదే. ఎన్ని దగ్గుల్లో కలిసినా ఆమె గుర్తుపడుతుంది.

కానీ ఎటునుంచి? ఎడమనుంచా, కుడినుంచా? మంచులో చప్పుడుకు దిక్కు ఉండదు.

తన ఛాతీలో టేకాకు నలుగుతోంది. దాన్ని పంటి కింద అదిమి పట్టింది. ఊపిరి బిగబట్టింది. చెవి ఒగ్గింది.

ఇంకొక్కసారి దగ్గవయ్యా...

ఒక్కసారి.